నల్గొండ నుంచి ఉప్పల్‌కు, పాలమూరు నుంచి గచ్చిబౌలికి: మనవాళ్ల అభిమానం ఎటు పోతోంది

నల్గొండ బస్టాండ్‌లో హైదరాబాద్ నాన్‌స్టాప్ కోసం నిలబడ్డ పిల్లల జెర్సీలు చూసి ఎవరు ఏ జట్టు మనిషో చెప్పడం కష్టం. 2025 ఏప్రిల్ 12, శనివారం, ఉప్పల్‌లో సన్‌రైజర్స్‌కూ పంజాబ్‌కూ మ్యాచ్. మా ముందున్న పిల్లగాడిది నారింజ చొక్కానే, వీపు మీద మాత్రం 18 నంబరు, దాని పైన విరాట్ పేరు. "ఇదేం కథ తమ్మీ?" అని మా బావ అడిగితే, "టీం మనదే అన్నా, మనిషి కోహ్లీ" అన్నాడు తడుముకోకుండా. ఇక హైదరాబాద్ చేరేదాకా మాకు అదే వాదన.

మా బావది మహబూబ్‌నగర్. కబడ్డీ పిచ్చి మనిషి. క్రికెట్ చూస్తాడు కానీ ఒప్పుకోడు. శనివారం ఉప్పల్‌లో మ్యాచ్ చూసుకుని, ఆదివారం వాళ్లింటికి పోయి, అట్నుంచి మక్తల్‌లో చుట్టాలను పలకరించి రావాలన్నది మా ప్లాను. దారిలో కలిసినవాళ్లందరినీ ఒకటే అడిగాం: ఇన్ని జట్లున్నాయి కదా, మీకు ముందు ఏది, తర్వాత ఏది?

నల్గొండవాళ్లకు ఉప్పల్ దగ్గర. చిట్యాల, చౌటుప్పల్ దాటి ఎల్‌బీ నగర్‌లో దిగితే సగం పని అయినట్టే. అక్కడ మెట్రో కనబడగానే ఎక్కేస్తారు కొత్తవాళ్లు. ఎక్కితే అమీర్‌పేట దాకా పోయి, లైను మారి, మళ్లీ ఇటు తూర్పుకే రావాలి. సిటీ బస్సో షేర్ ఆటోనో పట్టుకుని నాగోల్ మీదుగా పోవడమే నయం. రైల్లో వచ్చేవాళ్లు సికింద్రాబాద్‌లో దిగి, సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కితే నేరుగా స్టేడియం స్టేషన్‌లోనే దిగొచ్చు. ఆ రోజు హనుమాన్ జయంతి. ఊరి నడిమధ్య శోభాయాత్ర, ట్రాఫిక్ మళ్లింపులు. మా వైపు రోడ్డు మాత్రం ఖాళీగానే ఉంది.

గేటు దగ్గర సంగతి ముందే చెప్పాలి. నీళ్ల సీసా, పవర్‌బ్యాంక్, బ్యాగు, ఏదీ లోపలికి పోనివ్వరు. బయట ఒక దుకాణంవాడు బ్యాగులు దాచిపెట్టి డబ్బులు తీసుకుంటున్నాడు. చీటీ ఇవ్వమంటే, "నీ ముఖం గుర్తుంటది పో" అన్నాడు. లోపల సమోసా ధరకు నల్గొండలో ఇద్దరు కడుపు నిండా టిఫిన్ చేయొచ్చు. సీట్లు మాత్రం బాగున్నాయి, పై అంతస్తు నుంచి కూడా పిచ్ సాఫుగా కనిపిస్తుంది. మరుగుదొడ్ల దగ్గర వరుస చూసి మా బావ రెండో ఇన్నింగ్స్ అయిపోయేదాకా నీళ్లు ముట్టలేదు.

మ్యాచ్ గురించి చెప్పకుండా ఉండలేను. పంజాబ్ 245 కొట్టింది. శ్రేయస్ అయ్యర్ 82. అప్పటికే సన్‌రైజర్స్ వరసగా నాలుగు ఓడిపోయి ఉన్నారు. మా వెనక కూర్చున్న మిర్యాలగూడ బృందం ఇన్నింగ్స్ మధ్యలోనే లేచిపోదామని మాట్లాడుకుంటోంది. తర్వాత అభిషేక్ శర్మ వచ్చి 55 బంతుల్లో 141 కొట్టాడు. 14 ఫోర్లు, 10 సిక్సర్లు. ట్రావిస్ హెడ్‌తో కలిసి మొదటి వికెట్‌కు 171 పరుగులు. మధ్యలో ఒకసారి క్యాచ్ ఇచ్చాడు, అది నోబాల్ అని తేలగానే స్టాండంతా ఊగిపోయింది. సెంచరీ అవగానే జేబులోంచి చీటీ తీసి చూపించాడు. ఇది ఆరెంజ్ ఆర్మీ కోసం, అంటే సన్‌రైజర్స్ అభిమానుల కోసం అని దాని మీద రాసి ఉందట, మాకు పెద్ద తెర మీద కూడా సరిగ్గా కనబడలేదు. 18.3 ఓవర్లలో పని అయిపోయింది. లేచిపోదామన్న మిర్యాలగూడవాళ్లే చివర్లో అందరికంటే గట్టిగా అరిచారు.

అంత జరిగాక కూడా బయటికి వస్తూ అడిగితే చాలామంది చెప్పిన వరస ఒక్కటే: ముందు ఒక మనిషి, తర్వాత జట్టు. ఆ మనిషి కోహ్లీ కావచ్చు, ధోనీ కావచ్చు, రోహిత్ కావచ్చు. ఇది అభిమానుల తప్పు అని నేననను. మన హైదరాబాదీ సిరాజ్ 2017లో సన్‌రైజర్స్‌లోనే ఐపీఎల్ మొదలుపెట్టాడు, ఆ మరుసటేడే బెంగళూరుకు పోయాడు. ఇప్పుడు గుజరాత్. మేం పోవడానికి ఆరు రోజుల ముందు ఇదే ఉప్పల్‌లో సన్‌రైజర్స్ మీద 17 పరుగులకు 4 వికెట్లు తీసి ఓడించాడు. తిలక్ వర్మ ముంబైలో ఆడుతున్నాడు. ఇంట్లో పిల్లలు పక్కింట్లో ఆడుకుంటుంటే ఏ గోడ మీద కూర్చోవాలో మనకే అర్థం కాదు. అటువైపు డేవిడ్ వార్నర్‌ది ఏ ఊరు? అయినా 2016లో కప్పు తెచ్చిచ్చి, తర్వాత తెలుగు పాటలకు చిందులేసి ఇక్కడివాళ్ల ఇంటి మనిషి అయిపోయాడు. జట్టు అతన్ని వదిలేసినప్పుడు అతనితో పాటే పోయినవాళ్లు మా ఊళ్లో ఉన్నారు.

పెద్దవాళ్లకు ఇంకో లెక్క ఉంది. మా పక్కన కూర్చున్న రిటైర్డ్ టీచరు ఒకాయన సన్‌రైజర్స్‌ను ఇప్పటికీ "కొత్త జట్టు" అనే అంటారు. ఆయన జట్టు దక్కన్ ఛార్జర్స్. 2008లో అట్టడుగున నిలిచి, 2009లో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో దక్షిణాఫ్రికాలో కప్పు కొట్టిన జట్టు. కప్పు కొట్టింది దేశం బయట. సొంతూళ్లో ఆడాల్సిన 2010లో తెలంగాణ ఉద్యమం వల్ల మ్యాచ్‌లను నాగ్‌పూర్, కటక్, నవీ ముంబైలకు తరలించారు. "ఛాంపియన్లను ఉప్పల్‌లో చూద్దామనుకుంటే వాళ్లు కటక్‌లో, మేం ధర్నాలో" అని నవ్వారాయన. 2012లో ఆ జట్టే లేకుండా పోయింది, 2013లో నారింజ రంగు వచ్చింది. అందుకే మా వైపు నలభై దాటినవాళ్లు ఏ జట్టునూ పూర్తిగా నమ్మరని నాకనిపిస్తుంది.

రాత్రి బస గురించి. మ్యాచ్ రోజు ఉప్పల్, హబ్సిగూడ చుట్టుపక్కల రూము అడిగితే రేటు వినగానే వెనక్కి రావాల్సిందే. ఎల్‌బీ నగర్ చౌరస్తాకు కొంచెం లోపల ఒక లాడ్జిలో దిగాం. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి, ఏసీ చప్పుడు మాత్రం విజయవాడ బస్సుల హారన్లతో పోటీ పడింది. వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకే. అర్ధరాత్రి ఉప్పల్ నుంచి అక్కడికి ఆటోవాళ్లు అడిగేది పగటి రేటుకు రెండింతలకు పైనే. మ్యాచ్ రోజు ఆర్టీసీ ప్రత్యేక బస్సులుంటాయి, కాస్త నడిచి వాటిని పట్టుకోండి. కుటుంబంతో వచ్చేవాళ్లయితే రాత్రికి నల్గొండ తిరిగిపోవాలని చూడకుండా ఆగిపోవడమే మేలు.

ఆదివారం పాలమూరు. ఎల్‌బీ నగర్ నుంచి ఆరాంఘర్ దాకా సిటీ బస్సు, అక్కడ మహబూబ్‌నగర్ ఎక్స్‌ప్రెస్. జడ్చర్ల దగ్గర దిగి జొన్న రొట్టె, పచ్చి పులుసు తిన్నాం. ఈ రోడ్డెక్కగానే మాటల్లో ఉప్పల్ తగ్గి గచ్చిబౌలి పెరిగింది. దానికి కారణం దూరమే. షాద్‌నగర్ దాటి శంషాబాద్ దగ్గర ఔటర్ ఎక్కితే కారులో నేరుగా గచ్చిబౌలిలో దిగుతారు, ఊళ్లోకి పోయే పనే లేదు. ఉప్పల్‌కు పోవాలంటే పట్నాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు దాటాలి. బస్సులోనయితే గచ్చిబౌలి కొంచెం కష్టమే. ఆరాంఘర్‌లో దిగి మెహిదీపట్నం మీదుగా పోవాలి. మెట్రో రాయదుర్గం దాకానే ఉంది.

గచ్చిబౌలి అంటే తెలుగు టైటాన్స్. 2024 అక్టోబరు 18న ప్రో కబడ్డీ పదకొండో సీజన్ బాలయోగి ఇండోర్ స్టేడియంలోనే మొదలైంది, మొదటి మ్యాచ్ మనదీ బెంగళూరు బుల్స్‌దీ. ఇటు పవన్ సెహ్రావత్, అటు పర్‌దీప్ నర్వాల్. బావ తన ఊరి జట్టు కుర్రాళ్లను వెంటబెట్టుకుని పోయాడు, నేనూ నల్గొండ నుంచి వెళ్లి కలిశాను. ఉప్పల్‌తో పోలిస్తే టికెట్ చవక, ఏసీ హాలు, మ్యాట్ చేతికందే దూరంలో ఉన్నట్టే ఉంటుంది. రైడర్ కూత వినాలనుకుంటే మాత్రం డీజే వినబడనివ్వదు. అది నాకు నచ్చలేదు. మన గెలుపు మాత్రం నచ్చింది. చుట్టుపక్కల లాడ్జిలు ఐటీవాళ్ల కోసం కట్టినవి, మన జేబుకు అందవు. రాత్రికి రాత్రే తిరుగు ప్రయాణం.

ఇక్కడో చిత్రం. టైటాన్స్ 2014లో లీగ్ మొదలైనప్పటి నుంచీ ఉన్నారు, నేను ఈ తిరుగుడు తిరిగేనాటికి కప్పు ఊసే లేదు. ఎనిమిదో సీజన్‌లో 22 మ్యాచ్‌లాడి గెలిచింది ఒక్కటి. తర్వాతి రెండు సీజన్లలో రెండేసి. మూడుసార్లూ అట్టడుగునే. సన్‌రైజర్స్ నాలుగు ఓడితే టీవీ కట్టేసే జనం వీళ్లను ఎలా భరించారు? బావ ఇంటి అరుగు మీద కూర్చుని అడిగితే, ఊరి జట్టుకు డిఫెన్స్ ఆడే కుర్రాడు చెప్పాడు: "గెలిచేది ఓడేది వాళ్ల బాధ అన్నా. ఆట మాది." వాళ్లకు మొదటి జట్టు టైటాన్స్ కూడా కాదు. సొంతూరి జట్టు. సంక్రాంతికో జాతరకో పెట్టే టోర్నమెంటులో పక్క ఊరిని ఓడించడమే అసలు కప్పు. టైటాన్స్‌ను చూసేది ఒక రైడర్ బోనస్ ఎలా తీశాడు, మూల ఆటగాడు చీలమండ ఎప్పుడు పట్టాడు అని నేర్చుకోవడానికి. మా నల్గొండ వైపూ కబడ్డీకి జనం తక్కువేం రారు. 2021 మార్చి 22న సూర్యాపేటలో 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల మొదటి రోజే గ్యాలరీ కూలి వంద మందికి పైగా గాయపడ్డారు. జనం వస్తారని అందరికీ తెలుసు. వచ్చినవాళ్లు కూర్చోవడానికి గట్టి చోటు కట్టడమే ఎవరికీ పట్టలేదు.

మహబూబ్‌నగర్‌లో ఉండాలనుకునేవాళ్లకు ఒక మాట. రైల్వే స్టేషన్ దగ్గర కంటే న్యూటౌన్ వైపు రూములు గాలి ఆడేట్టు ఉంటాయి, రేటులో పెద్ద తేడా లేదు. సాయంత్రం పిల్లలమర్రి చూసి రావొచ్చు.

మక్తల్ బస్సు దేవరకద్ర, మరికల్ మీదుగా రాయచూరు రోడ్డున పోతుంటే లోకమే మారిపోయింది. బస్సు నిండా ఆడవాళ్లు, జీరో టికెట్లు, కన్నడం కలిసిన తెలుగు. హోటల్లో టీ పోసే కుర్రాడి ఒంటి మీద ఎరుపు జెర్సీ. ఇక్కడ చాలామందికి సన్‌రైజర్స్ రెండోదో మూడోదో. రాయచూరు దగ్గర, బెంగళూరులో పని, అందుకే బెంగళూరు జట్టు. మా చుట్టాలాయన చిన్నప్పుడు తండ్రితో ముంబై పోయి మేస్త్రీ పని నేర్చుకున్నాడు, ఆయనది ముంబై ఇండియన్స్. "మాకు అన్నం పెట్టిన ఊరు కద బిడ్డా" అన్నాడు. పాలమూరు వలస ఎటు పోయిందో అభిమానమూ అటే పోయింది. మా నల్గొండవాళ్లు దీన్ని ద్రోహం అంటారు. నేననలేను. 2025 జూన్ 3న బెంగళూరు తొలిసారి కప్పు గెలిచిన రాత్రి మక్తల్ నుంచి వచ్చిన ఫోన్‌లో పటాకుల చప్పుడు తప్ప మాట వినబడలేదు.

మిగతా జట్ల మాటెత్తితే జనం ముఖాలు చూసుకున్నారు. ఫుట్‌బాల్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న కేరళను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ కప్పు గెలిచిందని చెబితే, "ఎక్కడ?" అన్నారు. గోవాలో. కరోనా వల్ల ఆ సీజనంతా అక్కడే ఆడారు. పుణె నుంచి వచ్చిన ఆ జట్టు 2025లో ఢిల్లీకి వెళ్లిపోయింది, మా దగ్గర ఎవరూ పోయిందని గమనించలేదు. మొయినాబాద్ దగ్గర మైదానం కట్టుకుని ఐ-లీగ్ ఆడిన శ్రీనిధి దక్కన్ పేరు షాద్‌నగర్‌లో ఒక్కరు చెప్పారు. హాకీలో హైదరాబాద్ తూఫాన్స్ 2025 ఫిబ్రవరిలో ఫైనల్ దాకా పోయింది. ఆడిందంతా రూర్కెలా, రాంచీలలో. చూడటానికి బస్సు లేని జట్టును ఎవరు నెత్తిన పెట్టుకుంటారు?

వాలీబాల్ మాత్రం వేరు. మా మేనకోడలు అచ్చంపేట కాలేజీలో చదువుతుంది, వాలీబాల్ ఆడుతుంది. తన మొదటి జట్టు హైదరాబాద్ బ్లాక్ హాక్స్. దానికి సహ యజమాని విజయ్ దేవరకొండ, వాళ్ల కుటుంబానిది అచ్చంపేట వైపు తుమ్మన్‌పేట. 2025 అక్టోబరులో లీగ్ మ్యాచ్‌లన్నీ గచ్చిబౌలిలోనే జరిగాయి. స్నేహితురాళ్లతో ఉచిత బస్సెక్కి పోయి చూసొచ్చింది. బ్లాక్ హాక్స్ ఎలా ఆడారే అని వాళ్ల నాన్న అడిగితే, "సర్వీసులు చెడగొట్టుకుంటున్నరు నాయినా, మా కాలేజీ టీమే నయం" అని చెప్పి, ఈసారి ఉప్పల్‌కు కూడా తీసుకుపొమ్మని నాకు ఫోన్ చేసింది. నారింజ జెర్సీ కొనిస్తానన్నాను. వీపు మీద ఎవరి పేరు వేయించాలో ఇంకా తేల్చుకోలేదట.