ప్లాన్ నా కంప్యూటర్లో, లెక్క క్లౌడ్‌లో: మూడేళ్లు వాడాక

విజయవాడలో ఒక ఆసుపత్రికి మెయింటెనెన్స్ డ్రాయింగులు చూసుకుంటాను. ఏ గది ఏ విభాగానిది, ఎన్ని చదరపు అడుగులు, ఏసీ సర్వీస్ ఎప్పుడు జరిగింది, అన్నీ క్లౌడ్‌లో ఉన్న ఫెసిలిటీ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. ప్లాన్ దిద్దడం మాత్రం నా టేబుల్ మీద, ఆటోక్యాడ్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో. ఫ్లోర్ ప్లాన్‌ను చెకౌట్ చేస్తే సర్వర్‌లో దానికి తాళం పడి (ఇంకెవరూ దిద్దలేరు), ఫైల్ నా డిస్క్‌లోకి వస్తుంది. దిద్ది చెకిన్ చేస్తే కొత్త విస్తీర్ణాలు డేటాబేస్‌కి ఎక్కుతాయి.

మొదట్లో ఫైళ్లు సర్వర్‌లోనే ఉంచి వీపీఎన్‌లో తెరిచేవాళ్లం. ఒక్కో ప్లాన్‌కీ పిల్లర్లవీ, ప్లంబింగువీ ఎక్స్‌రెఫ్‌లు, అంటే దానికి జోడించిన వేరే డ్రాయింగ్ ఫైళ్లు, ఉంటాయి కదా, అవన్నీ నెట్ మీదుగా రావాలి. సేవ్ నొక్కి కిందికెళ్లి టీ తాగి రావచ్చు. లోకల్‌గా చేయడం మొదలెట్టాక ఆ బాధ పోయింది.

నన్ను ఏడిపించింది క్లౌడ్ కాదు, పాలీలైన్. గది చుట్టూ గీసే గీతను క్లోజ్ చేయకపోయినా ఆటోక్యాడ్ విస్తీర్ణం చెప్పేస్తుంది, మొదటి చుక్కనూ చివరి చుక్కనూ తిన్నగా కలిపేసుకుని. ఎల్ ఆకారపు గదిలో ఒక మూల వదిలేస్తే లెక్క తప్పుతుంది, ఎర్రర్ మాత్రం రాదు. ఇంకోసారి రెండో అంతస్తు గది గీతను కాపీ చేసి మూడో అంతస్తులో పెట్టాను. దానికి అంటుకున్న గది నంబరూ వెంట వచ్చింది. ఒకే నంబరుతో రెండు గదులు! హౌస్‌కీపింగ్ వాళ్లు వచ్చి అడిగేదాకా నాకు తెలియలేదు.

ఖర్చు తగ్గుతుందని అకౌంట్స్ వాళ్లు ఆటోక్యాడ్‌లోనే చవక రకమైన ఎల్‌టీ కొందామన్నారు. 2024 వెర్షన్ నుంచి అందులో ఆటోలిస్ప్ భాషలో రాసిన చిన్న ప్రోగ్రాములు నడుస్తాయి కానీ ఏఆర్‌ఎక్స్ రకం ప్లగిన్లు (ఆటోక్యాడ్‌కి అదనంగా తగిలించే ప్రోగ్రాములు) ఎక్కవు. మా సాఫ్ట్‌వేర్‌ది ఆ రకం ప్లగినే. ఆ మాట అక్కడితో ఆగింది.

అసలు పరీక్ష 2024 సెప్టెంబరులో, బుడమేరు వాగు పొంగి ఊళ్లోకి వరద వచ్చినప్పుడు. మా భవనంలోకి నీళ్లు రాలేదు, నెట్ పోయింది. ముందుజాగ్రత్తగా కింది స్టోర్ సామానంతా రెండో అంతస్తుకు ఎక్కించారు. ఆ అంతస్తు ప్లాన్ అప్పటికే నా దగ్గర చెకౌట్‌లో ఉంది కాబట్టి ఎక్కడేం పెట్టారో నెట్ లేకుండానే ప్లాన్‌లో గుర్తులు పెట్టాను. నెట్ వచ్చాక చెకిన్ చేస్తే ఏ పేచీ లేకుండా ఎక్కింది. గ్రౌండ్ ఫ్లోర్ ప్లాన్ మాత్రం మా సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్ ల్యాప్‌టాప్‌లో ఉండిపోయింది. మేమంతా బాబాయ్ అని పిలిచే ఆయన ఇల్లు వరదలో మునిగిన సింగ్‌నగర్లో. ఫోన్ కలవడం లేదు. మనిషి ఎలా ఉన్నాడోనన్న టెన్షన్ ముందు ప్లాన్ ఎవరికి కావాలి? ఆయన మేడ మీద క్షేమంగా ఉన్నారని తెలిశాకే ఆ తాళం సంగతి గుర్తొచ్చింది. అది తీసే అధికారం మా దగ్గర లేదు, సాఫ్ట్‌వేర్ కంపెనీ సపోర్ట్ వాళ్లే తీయాలి. నెట్ వచ్చాక అడిగితే రెండు రోజులు పట్టింది.

ఇప్పుడు పని అయినా కాకపోయినా సాయంత్రం ఆరుకల్లా చెకిన్ చేయాల్సిందే. బాబాయ్ గొణుగుతూనే చేస్తారు. ఈసారి రెన్యువల్‌కి నేను సరేనన్నాను, కానీ తాళం తీసే అధికారం మాకూ ఇవ్వాలని రాశాం. కంపెనీ నుంచి జవాబు ఇంకా రాలేదు.