భాష రాని ఊళ్లో ఆదివారం: పూజకా, ఆరాధనకా?

అనంతపురం నుంచి బెంగళూరుకు, కడప నుంచి చెన్నైకి పనికి పోయిన క్రైస్తవులకు మొదటి ఆదివారమే వచ్చే చిక్కు ఇది: క్యాథలిక్ పూజకు పోవాలా, పెంతెకొస్తు ఆరాధనకా?

కన్నడం, తమిళం రాకున్నా క్యాథలిక్ పూజ దారి తప్పనివ్వదు. పశ్చాత్తాపం, పఠనాలు, సువిశేషం (యేసు గురించిన బైబిల్ పఠనం), విశ్వాస సంగ్రహం, సత్ప్రసాదం (యేసు శరీరంగా స్వీకరించే అప్పం): వరుస కడప గుడిలో ఉన్నదే. 1962–65లో క్యాథలిక్ బిషప్పులు కూడిన రెండో వాటికన్ మహాసభ తర్వాత లాటిన్ స్థానంలో స్థానిక భాషలు వచ్చాయి గానీ చట్రం అదే. ఆదివారం పఠనాలు మూడేళ్ల చక్రంలో తిరుగుతాయి, అక్కడా ఇక్కడా ఒకటే. ముందురోజు రాత్రి తెలుగులో చదువుకుని పోతే సగం పని అయినట్టే. సువిశేషానికి లేచి నిలబడాలి. క్యాథలిక్ కానివాళ్లు సత్ప్రసాదం తీసుకోకూడదు. దానికోసం జనం వరుసగా కదలగానే తామూ వెనకాలే లేచి వెళ్లి ఇబ్బంది పడేది అక్కడే.

పెంతెకొస్తు ఆరాధనకు అచ్చు పుస్తకం ఉండదు. పాటలు సులువే, పల్లవి మళ్లీ మళ్లీ తిరుగుతుంది కాబట్టి కాసేపటికి నోటికొస్తుంది. మనుషులు పలకరించేదీ ఇక్కడే ఎక్కువని మా లెక్క. కష్టమంతా ప్రసంగంతోనే. అనువాదకుడు లేకుంటే అధ్యాయం, వచనం అంకెలు చెవిన పడగానే తెలుగు బైబిల్ తీయాలి. అందుకు అంకెలతోపాటు పుస్తకాల పేర్లూ నేర్చుకోవాలి. తమిళ పాస్టర్ ‘సంగీతం’ అంటే పాట అనుకోకండి, కీర్తనల గ్రంథం తెరవండి.