నాలుగేళ్ల తర్వాత మా గోడ మీది స్క్రీన్ ప్రింట్

కొన్నప్పుడు నన్ను పడేసింది అందులోని గులాబీ రంగే. హైలైటర్ పెన్నులో ఉండే రకం, కళ్లు జిగేలుమంటాయి. నాలుగేళ్లలో అన్నిటికంటే ముందు చేతులెత్తేసిందీ అదే.

బొమ్మ వెడల్పు 50 సెంటీమీటర్లు, ఎత్తు 70. అందులో మనిషి, చెట్టు, ఇల్లు ఏమీ లేవు. పాత కామిక్స్‌లోలా చుక్కల వరసలు, స్ప్రే క్యాన్‌తో ఒక్క ఊపున గీసినట్టున్న నల్ల గీతలు, కిందికి కారిన నీలం ధారలు, సగం చింపిన పోస్టర్‌లా ఒక పసుపు ముక్క. ఇంకులు ఆరే, కానీ లెక్కపెడితే రంగులు ఎనిమిది కనిపిస్తాయి. నీలం ఇంకు పల్చనిది కాబట్టి పసుపు మీద పడ్డచోట ఆకుపచ్చగా, గులాబీ మీద పడ్డచోట ఊదాగా తేలింది. ఒక్కో ఇంకుకీ ఒక్కో స్క్రీన్ (ఫ్రేముకి బిగించిన సన్నటి జాలీ) చొప్పున కాగితం ఆరుసార్లు స్క్వీజీ (జాలీలోంచి ఇంకుని నెట్టే రబ్బరు పలక) కిందికి వెళ్లొచ్చిందన్నమాట. పక్కనుంచి లైటు వేసి చూస్తే ఇంకు కాగితం మీద సన్నటి గట్టులా లేచి ఉంటుంది. నా దగ్గరున్న డిజిటల్ పోస్టర్‌ని భూతద్దంతో చూస్తే అన్నీ సూక్ష్మమైన చుక్కలే. ఇందులో పెద్ద చుక్కలు కూడా ఒక్కొక్కటీ నిండు రంగు.

మొదటి వారంలో నాకు కోపం తెప్పించిన విషయం ఒకటుంది. ఒకచోట రిజిస్ట్రేషన్, అంటే రంగులు ఒకదానితో ఒకటి సరిగ్గా కుదరడం, తప్పి నల్ల గీతకీ పసుపుకీ మధ్య మిల్లీమీటరు మేర తెల్ల కాగితం బయటపడింది. డిఫెక్ట్ పీస్ అంటగట్టారనుకున్నాను. తర్వాత అమెరికన్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ 1967లో వేయించిన, సినిమా తార మార్లిన్ మన్రో ముఖమున్న స్క్రీన్ ప్రింట్లు చూశాను. వాటిలో పెదాల రంగు, కనురెప్పల రంగు గీతలు దాటి పక్కకి జరిగి ఉంటాయి, అదీ కావాలనే. నా ప్రింట్‌లో కావాలని చేశారో, చెయ్యి జారిందో గానీ, ఇప్పుడు గదిలోకి రాగానే నా చూపు వెళ్లేది అక్కడికే.

గులాబీ విషయంలో తప్పు నాదే. కిటికీకి ఎదురుగా, మామూలు గాజుతో వేలాడదీశాను. ఫ్లోరసెంట్ ఇంకు అంతలా మెరిసేది కంటికి కనబడని అతినీలలోహిత (యూవీ) కాంతిని పీల్చుకుని రంగుగా వెనక్కి ఇవ్వడం వల్ల. వెలుతురుకి విరిగిపోయేది కూడా ఆ పదార్థమే. మొన్న ఫ్రేము విప్పితే, మౌంటు (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట) కింద దాగిన అంచున వేలెడు వెడల్పు పాత గులాబీ అలాగే ఉంది. దాని పక్కన మిగతాదంతా ఉతికి ఉతికి మెత్తబడ్డ గుడ్డలా కనిపించింది. ఊదా కూడా నీలం వైపు జారింది. నలుపు, పసుపు చెక్కుచెదరలేదు.

ఇంకో ఇబ్బంది, ఇది నోరున్న బొమ్మ. అదే గోడ మీద పెట్టిన ఏ బొమ్మా దీని ముందు నిలబడలేదు, అన్నీ వేరే గదులకి పోయాయి. తలనొప్పి రోజున నేనే దీనికి వీపు పెట్టి కూర్చుంటాను.

కింద పెన్సిల్‌తో 41/75 అని ఉంది, అంటే మొత్తం 75 ప్రింట్లలో 41వ నంబరుది. 1/75 దొరికితే బాగుండేదని మొదట్లో బాధపడ్డాను, అనవసరంగా. ప్రింట్లన్నీ వేశాక నంబర్లు రాస్తారు, అవి వేసిన వరసలోనే ఉండాలనేం లేదు.

ఇప్పుడు ఎండ తగలని పక్కగోడకి మార్చాను. యూవీని అడ్డుకునే యాక్రిలిక్ షీటు వేయించి, ఇంకు దానికి అంటుకోకుండా మధ్యలో ఖాళీ పెట్టించాను. మళ్లీ ఇలాంటిది కొంటాను, కాకపోతే ఫ్లోరసెంట్ ఇంకు ఎంత ఉందో ముందే అడుగుతాను.