ఏది మేలు: పాతర గడ్డా, యూరియాతో మాగేసిన వరిగడ్డా?

వానలు మొహం చాటేసిన ప్రతి ఏడాదీ పశువులున్నవాళ్లు అడిగే ప్రశ్న ఇదే. పాతర గడ్డి అంటే పచ్చిమేతను ముక్కలు చేసి, గుంతలో గాలి చొరకుండా తొక్కి మాగబెట్టిన సైలేజీ. పోషకాల మాటకొస్తే దానిదే పైచేయి. కానీ తేల్చాల్సింది అది కాదు. కొట్టంలో ఎన్ని పశువులున్నాయి?

పాతర తెరిచాక గాలి తగిలిన మేత వేడెక్కి బూజు పడుతుంది. అలా కాకూడదంటే ఎండాకాలంలో రోజూ ముందువైపు మొత్తాన్ని అర అడుగు మందాన కోసి తియ్యాలి. మీటరున్నర వెడల్పు, మీటరున్నర ఎత్తు పాతరలో, బాగా తొక్కించి ఉంటే, ఆ అర అడుగే 180 కిలోల దాకా తూగుతుంది. పశువుకు 20 కిలోలు వేసినా తొమ్మిది పశువులు తినాలి. రెండు గేదెలున్నవాళ్లకు పారబోతే మిగులుతుంది. బస్తాల్లో నింపుకోవచ్చు గానీ, ఎలుక ఒక్క చిల్లు పెట్టినా లోపల బూజే.

అందుకే నాలుగైదు పశువుల లోపు ఉన్నవాళ్లకు నా ఓటు యూరియా గడ్డికే. 100 కిలోల ఎండు వరిగడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లు. యూరియా పూర్తిగా కరిగాక, గడ్డిని పొరలుగా పరుస్తూ పూలకుండీలకు పోసే జల్లు డబ్బాతో సమంగా చల్లి తొక్కాలి. టార్పాలిన్ కప్పి అంచుల మీద మట్టి వేసి మూడు వారాలు కదపకూడదు. నీళ్లు తగ్గితే యూరియా అమ్మోనియాగా మారక గడ్డి మీదే మిగిలిపోతుంది, అది పశువుకు విషం. కప్పు లీకైతే అమ్మోనియా గాలిలో కలిసి శ్రమంతా వృథా. సరిగ్గా కుదిరితే మాంసకృత్తులు మూడు నాలుగు శాతం నుంచి ఏడు శాతం దాకా పెరుగుతాయి, గడ్డి మెత్తబడి బాగా అరుగుతుంది. ఏ రోజుది ఆ రోజు తీసి, ఘాటు పోయేదాకా ఆరబెట్టి వెయ్యాలి. మొదట కిలో, రెండు కిలోలతో మొదలుపెట్టి వారంలో పెంచాలి. పస్తున్న పశువుకు ఒక్కసారే కడుపునిండా పెట్టొద్దు. ఆరు నెలల లోపు దూడలకు అసలే వద్దు. యూరియా నీళ్ల బకెట్ పశువులకు అందకుండా చూసుకోవాలి.

పది పశువులు దాటితే, చేలో ఇంకా పచ్చిమేత ఉంటే పాతరే వెయ్యండి. గింజ కట్టని మొక్కజొన్నకు కూడా అదే దారి. పాతరలో నింపే ముందు మేత ముక్కల్ని పిడికిట్లో నొక్కి వదిలితే ఉండ మెల్లగా విడిపోవాలి. నీరు కారితే ఇంకా పచ్చి ఎక్కువ, వెంటనే రాలిపోతే ఎండిపోయినట్టు. బెట్టకు వాడిన పైరు కాండం అడుగున పశువుకు విషమయ్యే నైట్రేట్ పేరుకుంటుంది కాబట్టి నేలకు ఒక అడుగు ఎత్తున కొయ్యాలి. వాన పడ్డ వెంటనే కొయ్యకుండా ఒక వారం ఆగాలి. పాతరలో నైట్రేట్ కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.

అవిసె, సుబాబుల్ రొట్ట రెండింటికీ తోడుగా పనికొస్తుంది. సుబాబుల్ మాత్రం పచ్చిమేతలో మూడో వంతు దాటొద్దు.