సాఫ్ట్‌వేర్ రాయించుకునే వ్యాపారులకు హెచ్చరిక: అవసరాల పత్రం (ఎస్ఆర్ఎస్) పాతబడితే ఖర్చు మన నెత్తినే

మందుల హోల్‌సేల్ వ్యాపారానికి బిల్లింగ్, స్టాకు సాఫ్ట్‌వేర్ ప్రత్యేకంగా రాయించుకోదలచినవారు ఒప్పందంపై సంతకం చేసే ముందు ఇది చదవవలసిందిగా మనవి. విజయవాడలోని మా ఏజెన్సీకి పనిచేసిన సంస్థ పేరు రాయడం లేదు. ఈ తీరు ఆ ఒక్క సంస్థదే కాదు.

మొదట మా అవసరాలన్నీ ఎస్ఆర్ఎస్ పత్రంగా రాసి, ప్రతి పేజీపైనా ఇరుపక్షాల సంతకాలు తీసుకున్నారు. ఆ తర్వాత వచ్చిన మార్పులన్నిటినీ, అంటే పదికి ఒకటి ఫ్రీ స్కీము, ఎక్స్‌పైరీ సరుకు వాపసు, ఈ-ఇన్వాయిస్ వంటివాటిని, ఫోన్‌లోనూ వాట్సాప్‌లోనూ విని నేరుగా కోడ్‌లోకి ఎక్కించారే తప్ప పత్రంలో ఒక్క అక్షరం కూడా మార్చలేదు. డబ్బు మాత్రం ప్రతి మార్పుకూ తీసుకున్నారు. తొందరలో రాసిన కోడ్‌ను తర్వాత సరిదిద్దకపోతే వడ్డీ పెరుగుతుందని అమెరికన్ ప్రోగ్రామరు వార్డ్ కన్నింగ్‌హామ్ 1992లో దానిని అప్పుతో పోల్చారు. అవసరాల పత్రానికీ ఇదే వర్తిస్తుంది. కాకపోతే ఇక్కడ అప్పు చేసేది వారు, వడ్డీ కట్టేది మనం.

2025 సెప్టెంబరు 22న చాలా మందులపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు అసలు సంగతి బయటపడింది. ఆగస్టులో 12 శాతంతో అమ్మిన సరుకు మెడికల్ షాపుల నుంచి తిరిగి వస్తే, క్రెడిట్ నోట్‌లో 5 శాతం పడుతోంది. అసలు బిల్లులో ఉన్న రేటే వాపసులోనూ రావాలని మేము ముందే చెప్పాము, చేశామని వారూ అన్నారు. నిజానికి ప్రోగ్రాము రేటును పాత బిల్లు నుంచి కాక ఐటమ్ మాస్టర్ (సరుకుల ప్రస్తుత వివరాల పట్టిక) నుంచి తీసుకుంటోంది. రేటు మారనంత కాలం ఆ తప్పు కనిపించే అవకాశమే లేదు. మేము చెప్పిన మాట పత్రంలో లేదు, విన్న ప్రోగ్రామరు ఉద్యోగం మారిపోయారు. "ఇది ఎస్ఆర్ఎస్‌లో లేదు కాబట్టి కొత్త చేంజ్ రిక్వెస్ట్" అని సంస్థవారు సమాధానమిచ్చి, పాత కోడ్ చదివి అర్థం చేసుకోవడానికి కూడా విడిగా రుసుము అడిగారు. ఈలోగా క్రెడిట్ నోట్లను మా గుమాస్తా చేత్తో సరిచేయవలసి వచ్చింది.

కనుక మార్పును ఎవరు, ఎప్పుడు, ఎందుకు కోరారో, పత్రంలో ఏ నియమం మారిందో, దానిని ఏ ఉదాహరణ బిల్లుతో సరిచూశారో రాసి, కొత్త వెర్షన్ నంబరుతో పత్రాన్ని అందజేసిన తర్వాతే ఆ మార్పుకు డబ్బు చెల్లిస్తామని ఒప్పందంలోనే రాయించుకోండి. సోర్స్ కోడ్ ప్రతిని కూడా అడగండి. అజైల్ పద్ధతిలో (సాఫ్ట్‌వేర్‌ను కొద్దికొద్దిగా, మార్పులు చేర్చుకుంటూ తయారుచేసే తీరు) పత్రాలు అక్కరలేదని ఎవరైనా చెబితే నమ్మవద్దు. 2001 నాటి అజైల్ ప్రకటన పనిచేసే సాఫ్ట్‌వేర్‌కు పెద్దపీట వేసిందే కానీ, పత్రాలకు విలువ లేదని అనలేదు.

ఇప్పటికే సాఫ్ట్‌వేర్ వాడుతున్నవారు ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) రెన్యూవల్‌కు డబ్బు కట్టే ముందు సాఫ్ట్‌వేర్ సంస్థ మనిషిని పిలిపించి, పాత రేటు బిల్లు ఒకటి తీసి, దానిపై వాపసు ఎంట్రీ ఎదురుగా వేయించి చూడండి. మా రెన్యూవల్‌ను ప్రస్తుతానికి ఆపి ఉంచాము.