బోరు నీళ్లతో ఏడేళ్లు నెట్టుకొచ్చిన మా గీజర్

మాది మియాపూర్‌లో అపార్ట్‌మెంట్. బోరు నీళ్లలో సున్నం ఎంతుందంటే, కడిగిన గ్లాసు ఆరేసరికి తెల్ల మచ్చలు తేలతాయి. 2018లో 15 లీటర్ల, 2000 వాట్ల గీజర్ కొన్నాను. మొదటి రెండు చలికాలాలు దాని ఊసే ఎత్తలేదు. ఇరవై నిమిషాల్లో నీళ్లు కాగేవి.

మూడో చలికాలం నుంచి ముప్పావుగంట పట్టడం మొదలైంది. పైగా లోపల ఎవరో అన్నం ఉడికిస్తున్నట్టు గుడగుడ. ఎలక్ట్రీషియన్ చూడకుండానే "ఎలిమెంట్ పోయింది సార్" అన్నాడు. ఒకే ఎలిమెంట్ ఉన్న గీజర్‌లో అది పోతే నీళ్లు అసలు కాగవు కదా అన్నాను. విప్పించి చూస్తే ఎలిమెంట్ మీద గోడకు పూసినట్టు సున్నం పెచ్చు. ట్యాంకు అడుగు నుంచి అరమగ్గు సున్నపు పలుకులు వచ్చాయి. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు కలిపిన వేడినీళ్లలో రాత్రంతా నానబెడితే పెచ్చు ఊడిపోయింది. ఎలిమెంట్ ఇంకో రెండేళ్లు పనిచేసింది. నీళ్లు ఎంత ఎక్కువ కాగితే సున్నం అంత త్వరగా పడుతుంది. అప్పట్నుంచి థర్మోస్టాట్ 75 నుంచి 60కి దించేశాను. చన్నీళ్లు కలుపుకునేదానికి 75 ఎందుకు?

ఒకసారి స్విచ్ లైటు వెలుగుతోంది, నీళ్లు మాత్రం చల్లగానే ఉన్నాయి. పడిపోయింది కటౌట్. నీళ్లు మరీ వేడెక్కితే కరెంటు ఆపేసే రక్షణ అది. మెయిన్ ఆపి, మూత తీసి, థర్మోస్టాట్ పక్కనున్న చిన్న బటన్ నొక్కితే సరిపోయింది. పది రోజులకు మళ్లీ పడింది. ఈసారి నొక్కలేదు, థర్మోస్టాటే మార్పించాను. తరచూ పడుతోందంటే తప్పు బటన్‌ది కాదు.

వాల్వ్ నుంచి చుక్కలు పడుతుంటే ప్లంబర్ "డమ్మీ పెట్టేద్దాం" అన్నాడు, అంటే వాల్వ్ తీసేసి అక్కడ మూత బిగించేయడం. బాగా కోపమొచ్చింది. కాగుతున్న నీళ్లు వ్యాకోచిస్తాయి. ఎక్కువైన ఒత్తిడి బయటికి పోయే దారే ఆ వాల్వ్. కాగుతున్నప్పుడు నాలుగు చుక్కలు పడడం మామూలే. రోజంతా కారుతుంటేనే వాల్వ్ మార్చాలి. దాన్ని మూసేస్తే బాత్రూంలో బాంబు పెట్టుకున్నట్టే.

అన్నిటికంటే భయపెట్టింది ఐదో ఏడు. కొళాయి ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంది అంది అమ్మ. ఎలిమెంట్ గొట్టానికి చిల్లు పడి కరెంటు నీళ్లలోకి లీకవుతోంది. మా బోర్డులో అప్పటిదాకా ఎమ్‌సీబీ, అంటే కరెంటు మరీ ఎక్కువ లాగితే పడిపోయే స్విచ్, మాత్రమే ఉంది. అంత చిన్న లీకేజీకి అది పడిపోదు. కొత్త ఎలిమెంట్‌తో పాటు, చిన్న లీకేజీని కూడా పసిగట్టి కరెంటు ఆపేసే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించి, ఎర్తింగ్ చూపించాను. అయినా స్నానానికి వెళ్లేముందు స్విచ్ ఆపే అలవాటు పోలేదు.

ఇంత చెప్పాక కంపెనీ మీద ఒక్క ఫిర్యాదు. ట్యాంకులో మెగ్నీషియం రాడ్ ఒకటి ఉంటుంది. ట్యాంకుకు పట్టాల్సిన తుప్పు అది తీసుకుని తాను కరుగుతుంది. కొన్నప్పుడు షాపువాడు చెప్పలేదు, సర్వీసుకు వచ్చినవాళ్లూ చెప్పలేదు. ఎలిమెంట్ మార్పించిన రోజే తొలిసారి చూశాను. బొటనవేలంత మందం ఉండాల్సింది పెన్ను రీఫిల్ అంత అయింది. ట్యాంకు ఇప్పటికీ కారడం లేదు. అప్పుడు వేయించిన రెండో రాడ్ కూడా సన్నబడింది, ఈ దసరా సెలవుల్లో మార్పించాలి.