వీడియోలో ఒక సౌండ్ బాక్స్, పార్సిల్‌లో ఇంకొకటి: గ్రామఫోన్ కొనేవాళ్ళూ, జాగ్రత్త

నాకు పెట్టె అమ్మినాయన పేరు రాయను. రాయక్కర్లేదు కూడా. పాత గ్రామఫోన్లు కొనే మనవాళ్ళలో ఆయన్ని ఎరగనివాళ్ళు ఎవరున్నారు? పొద్దున్నే ఆన్‌లైన్ గ్రూపులో ఒక పెట్టె ఫొటో, దాని కింద "సీరియస్ బయ్యర్స్ మాత్రమే ఫోన్ చేయండి" అని ఒక లైను. నేను సీరియస్‌గానే చేశాను. 18,500 రూపాయలు కూడా సీరియస్‌గానే పోయాయి.

కోపం మీద రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదవండి.

మాది విజయనగరం. ఇంట్లో హెచ్ఎంవీ కంపెనీ పోర్టబుల్ గ్రామఫోన్, 101 మోడల్ది, ఒకటి ఉంది, మా మామగారి నాటిది. దాన్ని విప్పి, కడిగి, కొత్త గ్రీజు పెట్టి పాడించింది నేనే. అప్పటినుంచి 102 మీద మనసు. 101 తర్వాత 1931లో వచ్చిన మోడల్ అది. సౌండ్ బాక్స్ అంటే ముల్లు బిగించే గుండ్రటి డబ్బీ, లోపలి రేకు (డయాఫ్రం) అదిరి పాట వినిపిస్తుంది. 101కి ఉండే నాలుగో నంబరు సౌండ్ బాక్స్‌లో అభ్రకం రేకు ఉంటుంది. 102 మీద ఎక్కువగా కనిపించే 5ఎ, 5బి రకాల్లో అల్యూమినియం డయాఫ్రం. రెండింటి గొంతుకీ చాలా తేడా. వయొలిన్ ప్లేటు వేసి విన్నవాళ్ళకి నేను వేరే చెప్పాలా? పెట్టె, మోటారు, బూర అన్నీ సరే, చివరికి పాడేది సౌండ్ బాక్సే. 102 కొంటున్నామంటే సగం కొనేది దాన్నే.

ఇత్తడి బూర పెట్టెల జోలికి మాత్రం నేనెప్పుడూ పోలేదు. తళతళలాడే ఎనిమిది పలకల బూర, కింద కొత్త చెక్కపెట్టె, దాని మీద హెచ్ఎంవీ కుక్కబొమ్మ స్టిక్కరు, లోపల ఏదో పాత పోర్టబుల్ నుంచి ఊడబీకిన మోటారు. 1910 నాటిది అంటారు, తిప్పి చూస్తే అడుగున ప్లస్ స్క్రూలు. ఆ స్క్రూలు మార్కెట్లోకి వచ్చిందే 1930ల్లో. ఒకసారి మా చుట్టాలు అలాంటి పెట్టె ఒకటి కొని, బూరకి సొట్ట పడిందని బుడితి తీసుకెళ్ళారు. అక్కడ తరతరాలుగా ఇత్తడి పని చేసేవాళ్ళున్నారు కదా. ఆ పెద్దాయన ఒక్కసారి వేలితో కొట్టి, "ఇది పాతదని ఎవుడు సెప్పాడు బాబూ మీకు? కొత్త రేకు ఇది" అన్నాడట. ఆ కథ నేను ఎంతమందికి చెప్పి నవ్వానో. ఇప్పుడు వాళ్ళు నన్ను చూసి నవ్వుకుంటున్నారు, పోనీలెండి.

ఇంత తెలివైనదాన్ని కాబట్టి, ఆయన 102 అమ్మకానికి పెట్టగానే వీడియో కాల్ చేయమన్నాను. చేశాడు. పాపం చాలా మర్యాదగా, "మేడమ్ గారూ, ఏం చూడాలన్నా అడగండి, మొహమాటపడకండి" అన్నాడు. మూత తీయించాను, కీ ఇప్పించాను, మోటారు తిరిగేటప్పుడు చప్పుడు విన్నాను. ప్లేటు కింద చిన్న కాగితం ముక్క పెట్టించి, నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో నేనే లెక్కపెట్టాను. 78కి దగ్గరగానే ఉంది. తర్వాత సౌండ్ బాక్స్ దగ్గరికి కెమెరా తెమ్మన్నాను. తెచ్చాడు. 5బి అన్న నంబరు స్పష్టంగా కనిపించింది. నంబరు పక్కన అంచు మీద కనుబొమ్మలా వంకరగా ఒక గీత. "గీత ఉందే" అన్నాను. "తొంభై ఏళ్ళ వస్తువు మేడమ్ గారూ, గీత లేకపోతే అనుమానించాలి" అన్నాడు. నవ్వాను కూడా. స్క్రీన్‌షాట్ తీసుకున్నాను. అదొక్కటే నేను చేసిన మంచి పని.

డబ్బు మొత్తం యూపీఐలో పంపేశాను. సగం ముందు, సగం తర్వాత అందామనుకున్నాను, కానీ "ఇంకో పార్టీ హైదరాబాద్ నుంచి అడుగుతున్నారు" అన్నాడు. ఈ హైదరాబాద్ పార్టీ ఎవరో గానీ, ఆయన అమ్మే ప్రతి పెట్టె వెనకా ఉంటాడు. బిల్లు అడిగితే "పాత వస్తువులకి బిల్లులేంటి మేడమ్ గారూ" అన్నాడు.

పార్సిల్ బస్సులో వచ్చింది. ప్యాకింగ్‌కి వంక పెట్టలేను, ఆ మాత్రం న్యాయంగా చెప్పాలి. పాత బొంత చుట్టి, చుట్టూ థర్మాకోల్ పెట్టి బాగానే పంపాడు. విప్పాను. పెట్టె అదే. హ్యాండిల్ ఉంది. టోన్ ఆర్మ్ (సౌండ్ బాక్స్‌ని పట్టుకునే గొట్టం) చివర చూస్తే తళతళా మెరుస్తూ కొత్త సౌండ్ బాక్స్!

మీరంతా చూసే ఉంటారు ఆ రకం. తేలికపాటి పోత లోహం మీద నికెల్ పూత, ముఖం మీద పాత అచ్చుని చూసి కొట్టిన వంకర అక్షరాలు, లోపల పల్చటి రేకు. టోన్ ఆర్మ్‌కి సరిగ్గా పట్టక వదులుగా ఊగుతుంటే కదలకుండా నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టాడు. ఇన్సులేషన్ టేపు! కరెంటు వైరుకి చుట్టినట్టు!

నిజంగా పొరపాటున మారిందనే అనుకున్నాను. ఫోన్ చేసి, "సౌండ్ బాక్స్ వేరేది వచ్చిందండీ, మీ దగ్గర ఉండిపోయినట్టుంది" అన్నాను. ఇక్కణ్ణుంచి జరిగింది ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"ఏం మారలేదమ్మా" అన్నాడు. డబ్బు ముట్టాక మేడమ్ గారు పోయి అమ్మ వచ్చింది, గమనించండి.

"మీరు చూపించింది 5బి కదండీ."

"అది డెమోది. మిషన్ పాడుతోందని చూపించడానికి పెట్టాం. ఈ రేటుకి అది రాదు."

డెమోది! టీవీ కొంటే షోరూంలో పెట్టె చూపించి ఇంటికి అట్టముక్క పంపుతారా? ఆ మాట పైకి అనలేదు. "మరి ఆ సంగతి ముందే చెప్పాలి కదా" అని మాత్రం అన్నాను.

"మీరు అడగలేదు కదమ్మా."

నేను అడగలేదట. నంబరు చదివించాను, గీత చూపించాను, దాని మీద జోకు కూడా వేశాడు, కానీ "ఇదే సౌండ్ బాక్స్‌ని పార్సిల్‌లో పెడతారా" అని అడగలేదట. నిజమే, అడగలేదు. గుమ్మడికాయ కొనేటప్పుడు "లోపల గింజలు కూడా ఇస్తారా" అని ఎప్పుడూ అడిగిన పాపాన పోలేదు.

అయినా ఓపిక పట్టి, కొత్త సౌండ్ బాక్స్‌లో నీడిల్ బార్ (ముల్లు కదలికని రేకుకి అందించే కడ్డీ) బిగుసుకుపోయి ఉందనీ, ఇలాంటిది ప్లేటుని తినేస్తుందనీ వివరించబోయాను. మధ్యలోనే ఆపేసి ఏమన్నాడో తెలుసా?

"మీ ఇంట్లో మగాళ్ళెవరైనా ఉంటే ఫోన్ ఇవ్వమ్మా. ఇవి టెక్నికల్ విషయాలు, వాళ్ళకి చెబుతాను."

మోటారుని తిప్పే స్ప్రింగు ఉండే డబ్బా విప్పినవాళ్ళకి తెలుస్తుంది అదేమిటో. లోపల చుట్టుకుని ఉన్న ఉక్కు పట్టీ చెయ్యి జారితే వేళ్ళు తెగుతాయి. చేతికి గోనెగుడ్డ చుట్టుకుని, తారులా గడ్డకట్టిన పాత గ్రీజు గీకి, కిరోసిన్‌తో కడిగి, గ్రాఫైట్ గ్రీజు పూసి, ఆ పట్టీని చుట్టుచుట్టుగా మళ్ళీ లోపలికి పంపించాను నేను. సౌండ్ బాక్స్‌లో రాయిలా అయిపోయిన రబ్బరు గాస్కెట్లు తీసి, సన్నటి రబ్బరు ట్యూబు కోసి కొత్తవి వేసుకున్నాను. మా ఇంట్లో ఉన్న మగాడు ఆ సమయంలో పక్కన కూర్చుని ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు తింటున్నారు. గ్రామఫోన్‌కి ముల్లు మార్చాలన్న సంగతే ఆయనకి తెలీదు. స్పీకర్లో మాట విని చెయ్యి చాచారు కూడా, ఫోన్ ఇమ్మని! ఇవ్వలేదు. ఈ విషయం మీద మా ఇంట్లో వేరే గొడవ జరిగింది, అది ఇక్కడ అనవసరం.

18,500 సంగతి నాలుగు రోజుల్లో మర్చిపోతానేమో. ఈ మాట మాత్రం మర్చిపోను.

"అదేం కాదు, కొత్త సౌండ్ బాక్స్ కూడా బ్రహ్మాండంగా పాడుతుంది, ముందు ఒక ప్లేటు వేసి వినండి, తర్వాత మాట్లాడండి" అని ఫోన్ పెట్టేశాడు. వినకుండా ఉండాల్సింది. విన్నాను. అదీ దేన్ని వేసి? ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ ప్లేటు. 102 రాగానే మొదట అదే వినాలని తీసి బల్లమీద పెట్టుకున్నాను. మా మామగారు మహారాజా సంగీత కళాశాలలో కొన్నాళ్ళు నేర్చుకున్నారు. 1936 నుంచి ప్రిన్సిపాల్‌గా ఉన్న ద్వారం వారంటే ఆయనకి దేవుడి లెక్క. ఆయన దాచుకున్న ప్లేటు అది. చెత్త ప్లేట్లు ఇంట్లో బోలెడున్నాయి, పగుళ్ళు పడ్డవి, పాట అరిగిపోయినవి. వాటిలో ఒకటి వేసి చూడొచ్చు కదా? ఆ బుద్ధి పుట్టలేదు. కోపంలో చేతికి అందింది వేశాను.

కొత్త ముల్లే వేశాను. లక్క ప్లేట్లలో రాతిపొడి కలుపుతారు. ఉక్కు ముల్లు ఆ పొడికి అరిగి గాడి ఆకారానికి సర్దుకోవాలి, అందుకే ఒక వైపు పాడాక ముల్లు తీసి పారేస్తాం. అరగాల్సింది ముల్లు. కానీ నీడిల్ బార్ కదలకపోతే ముల్లు గాడి గోడల్ని గీసుకుంటూ పోతుంది. గొంతు కీచుమంది, పై స్థాయికి వెళ్ళినప్పుడల్లా బర్రుమంది. ఎత్తేసి దీపం కింద పెట్టి చూస్తే నల్లగా మెరవాల్సిన చోట బూడిద రంగు పట్టీ. ముల్లు చుట్టూ సన్నటి పొడి. ఆ పొడి ఏమిటో మీకు తెలుసు. తర్వాత ఆ ప్లేటుని 101 మీద అసలైన సౌండ్ బాక్స్‌తో వేసి చూశాను. ముందు మూడో వంతు దాకా ఇసక రాలుతున్న చప్పుడు, ఆ తర్వాత వయొలిన్. పోయిన గాడి మళ్ళీ రాదు.

ఇంకొకటి. "మోటారు ఫుల్ సర్వీసు" అని పోస్టులో రాశాడు కదా, విప్పి చూశాను. స్ప్రింగు డబ్బాలో గ్రీజు నలభై ఏళ్ళుగా ఎవరూ ముట్టుకోనట్టు గట్టిపడి ఉంది. సగం ప్లేటు అయ్యేసరికి లోపల ధన్‌మని కొడుతోంది. సర్వీసు అంటే పెట్టె పైన షూ పాలిష్ రుద్దడమని ఆయన లెక్క కాబోలు. అది నేను చేసుకోగలను, పెద్ద బాధ లేదు. టర్న్ టేబుల్ మీద వెల్వెట్ కూడా కొత్తది అతికించాడు, ఫెవికాల్ చారలతో సహా. వదిలేద్దాం.

ఇంతటితో అయిపోతే ఈ పోస్టు రాసేదాన్ని కాదేమో. రాత్రి నిద్ర పట్టక ఫోన్ చూస్తుంటే ఆయన కొత్త పోస్టు: "ఒరిజినల్ హెచ్ఎంవీ 5బి సౌండ్ బాక్స్, వర్కింగ్, 6,500, సీరియస్ బయ్యర్స్ మాత్రమే." ఫొటో పెద్దది చేసి చూశాను. నంబరు పక్కన అంచు మీద కనుబొమ్మ లాంటి గీత. నా స్క్రీన్‌షాట్ పక్కన పెట్టి చూశాను. అదే గీత, అదే వంపు. వీడియోలో నాకు చూపించి, నా డబ్బు తీసుకుని, మళ్ళీ అదే వస్తువుని నాకే 6,500కి ఇవ్వజూపుతున్నాడన్నమాట. కింద ఎవరో పాపం "పోర్టబుల్‌కి సూటవుతుందా?" అని అడిగారు. "102కి పర్ఫెక్ట్ సర్" అని జవాబు. అవును, పర్ఫెక్ట్. ఆ 102 మా హాల్లో ఉంది.

రెండు ఫొటోలూ కలిపి కామెంట్లో పెట్టాను. తీసేశాడు. మళ్ళీ పెట్టాను. బ్లాక్ చేశాడు. గ్రూపు పెద్దలకి రాస్తే "మీ లావాదేవీ మీరు చూసుకోండి, ఇక్కడ వాతావరణం పాడుచేయకండి" అన్నారు. వాతావరణం! ఆ గ్రూపులో ఎన్నిసార్లు అడిగినవాళ్ళకి ఓపికగా జవాబులు చెప్పానో, గాస్కెట్లు ఎలా మార్చాలో ఫొటోలు తీసి మరీ పెట్టాను. పెట్టకుండా ఉండాల్సింది.

రేపు కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. బిల్లు లేదు గానీ యూపీఐ రసీదు, చాట్లు, స్క్రీన్‌షాట్ ఉన్నాయి. ఏమవుతుందో చూద్దాం.

కొనేవాళ్ళు ఈ మాత్రం చేయండి. వీలుంటే వెళ్ళి చూసి, చేతిలో పట్టుకుని రండి. వెళ్ళలేకపోతే వీడియో కాల్ రికార్డు చేసుకోండి, సౌండ్ బాక్స్ నంబరు, హ్యాండిల్, ఏమేం పంపుతున్నాడో ఆయన చేతే చాట్‌లో రాయించుకోండి. "ఇదే సౌండ్ బాక్స్ వస్తుందా" అని అడగండి, సిగ్గుపడకండి, ఇప్పుడు అది కూడా అడగాల్సిన ప్రశ్నే. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. మొత్తం డబ్బు ముందే ఇవ్వద్దు, హైదరాబాద్ పార్టీ పట్టుకుపోతే పట్టుకుపోనివ్వండి. కొత్త సౌండ్ బాక్స్ వస్తే పనికిరాని ప్లేటు మీద తప్ప వేయకండి.

ఆ 5బి ఇంకా అమ్ముడుపోలేదు, మా అబ్బాయి ఫోన్లోంచి చూశాను. 6,000కి దించాడు. మీలో ఎవరైనా అడుగుతుంటే నంబరు పక్కన గీత ఉందేమో చూడండి. ఉంటే డబ్బు పంపకండి, నాకు ఒక మెసేజ్ పెట్టండి.